మంద లేని మందకాపరి

“కుక్కకు పనియు లేదు, నిలుచుటకు తీరికయు లేదు” అని మనలో ఒక సామెత కలదు. ఏ పనియు లేకయే ఊరంతయు తిరుగు మనుష్యుని జూచి పెద్దలు నవ్వుచు ఈ మాట అందురు. నిజమునకు మన వీధికుక్కకు ఈ సామెత అంతగా వర్తింపదు. దానికి కావలసినంత తీరిక ఉన్నది. మిట్టమధ్యాహ్నము వేపచెట్టు నీడలో కాళ్లు బారజాచి పడుకొనిన దానిని చూచిన వారెవరును ఈ సంగతి కాదనరు. కాని ఈ సామెత అక్షరాలా వర్తించు కుక్కలు కొన్ని వేరుగా ఉన్నవి. గొఱ్ఱెలను తోలుటకే మనుష్యులు తరతరములుగా ఏరి ఏరి పెంచిన జాతులవి. పని దొరకనిచో వానికి తీరికయు దొరకదు. అట్టి కుక్క ఒకటి ఇల్లు తప్పి రోడ్డున పడినప్పుడు దానికి తగిన యిల్లు వెదకుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానమును మేము పుస్తకములలోకంటె మా పొరపాట్లలోనే ఎక్కువగా నేర్చుకొంటిమి. కనుక ఆ పొరపాట్లనే ముందు చెప్పెదము.

హైదరాబాదులో మేము నలుగురము స్నేహితులము. మాకొక సంఘమనియు, కార్యాలయమనియు ఏమియు లేవు. ఆశ్రయము లేని కుక్కలకును పిల్లులకును చేతనైనంతలో చోటు చూచుచుందుము. 2022 వేసవిలో ఒక అపార్టుమెంటు కాపలాదారు మాకు కబురు చేసెను. 2020లో కరోనా నిర్బంధముల కాలమున ఆ భవనములోని ఒక కుటుంబమువారు ఇంటిలో ప్రొద్దుపోవుటకు ఒక కుక్కపిల్లను కొనిరట. ఆఫీసులు మరల తెఱవగానే వారు వేరొక నగరమునకు తరలిపోవుచు, “నాలుగు దినములు చూచుచుండుము” అని దానిని కాపలాదారునకు అప్పగించి వెళ్లిరి. ఆ నాలుగు దినములు మూడు మాసములైనవి. మేము వెళ్లి చూచునప్పటికి అది కార్లు నిలుపు చోట, మూడు మూరల గొలుసుతో ఒక స్తంభమునకు కట్టబడి, ఆ స్తంభము చుట్టును ఆగక తిరుగుచుండెను. నలుపు తెలుపుల ఒడలు, నుదుట తెల్లని బొట్టు. కాపలాదారుని భార్య దానిని చుక్క అని పిలుచుచుండెను. మేమును ఆ పేరే ఉంచితిమి.

చుక్క బోర్డర్ కాలీ జాతిది. ఇంగ్లండునకును స్కాట్లండునకును నడుమనున్న సరిహద్దు కొండలలో గొఱ్ఱెలను కాచుటకై పెంచిన జాతి యిది. సరిహద్దును ఇంగ్లీషువారు బోర్డర్ అందురు కనుక దానికి ఆ పేరు వచ్చెను. ఆనాడు మాకు తెలిసినది ఇంతే. చురుకైన కుక్క కనుక విశాలమైన చోటు కావలెనని తలచితిమి. విశాలమైన చోటున్న వారికి ఇచ్చినచో మా బాధ్యత తీరునని అనుకొంటిమి.

అట్టి చోటు త్వరలోనే దొరికెను. నగరములోనే ఒక మేడ. చుట్టును పెద్ద ఆవరణ, పచ్చిక, మామిడిచెట్లు. ఇంటి యజమానికి ఇద్దరు చిన్నపిల్లలు. ఎంతో మర్యాద గలవారు. ఇచ్చట మేము చేసిన తప్పు నొకదానిని దాచక చెప్పవలసి యున్నది. కాపలాదారుని కుమారుడు పరుగెత్తినప్పుడు చుక్క వెనుకనుండి వచ్చి వాని మడమను పండ్లతో నొక్కినదని మాకు తెలియును. గాయము కాలేదు. ఆ మాట చెప్పినచో తీసికొనరేమోయని మేము చెప్పలేదు.

పది దినములు గడచెను. పిల్లవాని పుట్టినరోజునకు పన్నెండు మంది బాలురు బాలికలు ఆవరణలో చేరి దొంగాట ఆడుచుండిరి. చుక్క వారి చుట్టును అర్ధచంద్రాకారముగా పరుగెత్తి, ఒక్కొక్కరినే మళ్లించి, అందరిని గోడమూలకు చేర్చినదట. పెద్దలు మొదట నవ్విరి. ఇంతలో ఒక బాలుడు గుంపు విడిచి బయటకు పరుగెత్తెను. చుక్క వాని మడమను పట్టెను. ఈసారి నెత్తురు వచ్చెను. గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో ధారగా నీరు విడిచి కడిగి వైద్యుని యొద్దకు తీసికొనిపోయిరి. కుక్కకు మేము ముందే రేబీస్ టీకా వేయించి యుంటిమి. అయినను వైద్యుడు బాలునకు సూదిమందు ఆరంభించెను. అదియే సరియైన పద్ధతి. ఆ సాయంకాలము యజమాని చుక్కను కారులో తెచ్చి మాకు అప్పగించెను. ఒక్క పరుషవాక్యమైనను ఆడలేదు. “ఇదివరకు ఎప్పుడైనా ఇలా చేసిందాండీ?” అని మాత్రము అడిగెను. మేము అవునని చెప్పవలసి వచ్చెను. ఆ తరువాత ఆయన మాతో మాటలాడలేదు. ఆయన చేసినదే న్యాయము.

ఆ మేడలోని తోటమాలి మరియొక సంగతి చెప్పెను. అంత ఆవరణ ఉండియు చుక్క అందులో స్వేచ్ఛగా ఆడుకొనలేదట. వీధిలో పోవు బండ్ల చప్పుడు వెంట గోడ పొడవునను ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగెత్తుచునే యుండెనట. పది దినములలో గోడ ప్రక్క పచ్చిక చచ్చి ఒక కాలిబాట ఏర్పడెను. ఖాళీస్థలము ఉన్నంత మాత్రమున కుక్కకు వ్యాయామము కలుగదు. యజమాని లేని ఆవరణ దానికి కొంచెము పెద్దదైన గొలుసు మాత్రమే.

రెండవసారి మాకొక అందమైన ఊహ తోచెను. గొఱ్ఱెలను కాచు జాతి గదా, గొఱ్ఱెలున్న చోటికే ఇచ్చిన నేమి? మహబూబునగరు జిల్లాలో మా మిత్రుడొకనికి పరిచయమైన కురుమ ఇంటిపెద్ద ఒకడు ఉండెను. నూటయేబదికి పైగా జీవాలు గల మంద. అతడు చుక్కను చూచి ముచ్చటపడి ఉంచుకొందునని చెప్పెను. మేము సంతోషముతో తిరిగి వచ్చితిమి. ఐదవ దినముననే కబురు వచ్చెను. మేము వెళ్లునప్పటికి చుక్కను దూరముగా తుమ్మచెట్టునకు కట్టియుంచిరి. ఆ పెద్దమనిషి చెప్పిన మాటలు ఇప్పటికిని మాకు జ్ఞాపకమున్నవి: “సారూ, మా కుక్క తోడేలును జూస్తది. మీ కుక్క గొర్రెను జూస్తది. దీని సూపే తోడేలు సూపు. గొర్లకు కండ్లు లేవనుకున్నరా?”

ఎన్ని గ్రంథములు చదివినను ఇంతకంటె సూక్ష్మముగా ఎవరును చెప్పలేరు. మన దేశమున మందకుక్క చేయు పని వేరు. మందను నడుపువాడు మనుష్యుడే. తరచుగా ఒకడు ముందు నడచుచు పిలుచును, మరియొకడు వెనుకనుండి అదలించును. కుక్క మందతోపాటు తానును ఒక జీవముగా నడచును. రాత్రివేళ రైతు పొలములో ఎరువునకై మంద పెట్టినప్పుడు అది చుట్టును పడుకొని, తోడేలు వచ్చినను దొంగ వచ్చినను మొరిగి ఎదిరించును. గొఱ్ఱెలకు దానిని చూచిన భయము లేదు. భయముండరాదు కూడ. చుక్క వచ్చిన మొదటి రాత్రియే మంద బెదరి దడి విరుగద్రొక్కుకొని బయటపడెనట. చూడిగొఱ్ఱెలున్న మంద అది. బెదరి పరుగులు పెట్టినచో పిల్లలు జారిపోవునని వారి భయము. ఇక ఆ మందకుక్కలు మాత్రము క్రొత్తదానిని ఓర్చునా? దాని చెవి చీరి పంపెను. “ఇడిసిపెడితె ఊరవతల ఎక్కడన్న బతుకుతది” అని ప్రక్కనున్నవాడు ఒకడు సలహా చెప్పెను. ఇంటిపెద్ద అందుకు ఒప్పుకొనక మమ్ములను పిలిపించెను. అందుకు ఆయనకు మేము ఋణపడియున్నాము.

తోడేలు చూపు అను మాటను మేము తరువాత విచారించి చూచితిమి. తోడేలు వేటాడునప్పుడు ముందు చూపు నిలుపును, తరువాత పొంచి నడచును, ఆపైన తరుమును, పట్టును, చంపును. ఈ వరుస తోడేలు సంతతియైన కుక్కలన్నింటిలోను ఏదో ఒక పాలు మిగిలియున్నది. సరిహద్దు కొండల కాపరులు తమ కుక్కలలో మొదటి మూడు గుణములను పెంచి, కడపటి రెంటిని అణచివేసిరి. వేట సగములో నిలిచిపోయినది. ఆ సగమే కొండమీది గొఱ్ఱెలను కూర్చుటకు పనికివచ్చినది. కుక్క మొరుగదు, కరవదు. తల వంచి, కన్నార్పక, పిల్లివలె పొంచి నడచును. ఆ చూపునకే గొఱ్ఱెలు కదలును. కాపరులు దీనిని కన్ను అనియే వ్యవహరింతురు. మొండి గొఱ్ఱె ఎదురు తిరిగినప్పుడు మాత్రము పండ్లు తగిలించుట కలదు. చుక్క బాలుని మడమను పట్టినది ద్వేషముచేత కాదు. గుంపు విడిచిన గొఱ్ఱెను మరలింపబోయినది. నెత్తురు చూచిన తల్లికి ఈ భేదము చెప్పి ప్రయోజనము లేదనుకొనుడు.

1893లో నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అను కాపరి యింట ఓల్డ్ హెంప్ అను కుక్క పుట్టెను. బిగ్గరగా మొరుగుచు కఱచి తోలు కుక్కలున్న ఆ కాలమున ఇది నిశ్శబ్దముగా, కంటిచూపుతోనే పనిచేసినదని ప్రసిద్ధి. నేటి బోర్డర్ కాలీలు దాని సంతతియే అని చెప్పుదురు. వేల్సులోని బాలా అను ఊర 1873లోనే గొఱ్ఱెకుక్కల పోటీ జరిగినది. 1906లో అంతర్జాతీయ గొఱ్ఱెకుక్కల సంఘము ఏర్పడినది. ఆ పోటీలలో రూపమును చూడరు, పనినే చూతురు. అన్ని తరములు పనికై ఏరిన ఫలితముగా కాపరి ఈల వేసినంతనే ఎడమకు, కుడికి, నిలు, పడుకొను మని అర్థము చేసికొని, కనుచూపుమేర దూరమున ఉండియు ఆజ్ఞ పాలింపగల జంతువు తయారైనది. అయితే ఈ విద్య పుట్టుకతో పూర్తిగా రాదు. పుట్టుకతో వచ్చునది తపన. విద్య వచ్చునది కాపరి శిక్షణవలన. శిక్షణ లేని తపననే మేము ఆ కురుమపెద్ద మందమీదికి తోలితిమి.

మరి మంద ఇవ్వలేము, ఖాళీస్థలము చాలదు. ఇక మార్గమేమి?

ఈ చిక్కు మాకే మొదట వచ్చినది కాదు. మన యిండ్లలో చాలాకాలము ఆల్సేషియన్ అని పిలిచిన జర్మన్ షెపర్డు సయితము గొఱ్ఱెల కుక్కయే. పంటచేనునకును మేతభూమికిని నడుమ నాగటిచాలు వెంట తిరుగుచు, బ్రతికియున్న కంచెవలె మందను చేనిలో పడకుండ ఆపుట దాని పని. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అను జర్మను సైనికోద్యోగి ఆ జాతికి సంఘము స్థాపించెను. పరిశ్రమలు పెరిగి మందలు తరుగుచుండిన కాలమది. కుక్కకు పని పోయినచో జాతియే చెడునని ఆయన గ్రహించి, పోలీసులకును సైన్యమునకును దానిని అలవాటు చేయుటకు పూనుకొనెను. కుక్కకు గొఱ్ఱెయే కావలెనని లేదు. మనుష్యునితో కలిసి, బుద్ధి వినియోగించి, మంచిదనిపించుకొను పని ఏదియైనను చాలును.

బుద్ధిపని యన్నచో ఎంతవరకు? అమెరికాలో జాన్ పిల్లే అను మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడు చేజర్ అను బోర్డర్ కాలీకి మూడేండ్లపాటు దినమునకు గంటల తరబడి పాఠములు చెప్పి 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పెను. దాని వివరములు 2011లో ప్రకటింపబడినవి. ప్రతి బంతికిని ప్రతి బొమ్మకును వేరు పేరు. పేరు చెప్పినచో ఆ వస్తువునే తెచ్చును. మన పిల్లలకు ఎక్కములు నేర్పుటకు పడు పాట్లు తలచుకొనిన ఆ ఆచార్యుని ఓర్పునకు నమస్కరింపవలసినదే. అంత చదువు మన యింటి కుక్కకు అక్కరలేదు. పది వస్తువుల పేర్లు నేర్పుట, గదిలో దాచిన వస్తువును వాసనపట్టి వెదకించుట, ఇంటిలో ఒకరి యొద్దనుండి మరియొకరికి చిన్న సంచి మోయించుట, ఇట్టివి చాలును. పావుగంట బుద్ధిపని గంట పరుగుకంటె ఎక్కువగా దానిని అలయించునని మా అనుభవము.

ఇచ్చట ఒక హెచ్చరిక. “చురుకైన కుక్క, బంతి విసరుచుందుము” అని చాలమంది చెప్పుదురు. బంతి వెంట వందమార్లు పరుగెత్తిన కుక్కకు అలసట రాదు. నూటయొకటవ బంతికై ఆరాటము వచ్చును. దానికి దమ్ము పెరుగును, మనకు ఓపిక తరుగును. పనిలేని ఈ జాతి కుక్కలు గోడమీది నీడలను, తిరుగు ఫ్యానును, గిన్నె మెరుపును గంటలకొలది చూచుచు పిచ్చిదానివలె అగుట కలదు. అది ఆట అని నవ్వుచు టార్చిలైటు వేసి ఆడించువారు తెలియక దాని మనస్సును పాడుచేయుచున్నారు. పనితోపాటు పని ముగించుటయు నేర్పవలెను. ఇంటిలో ఒక చాప దాని చోటుగా ఏర్పరచి, అక్కడ ఊరక పడుకొనినప్పుడు మెల్లగా ఒక ముక్క తినబెట్టి మెచ్చుకొనవలెను. కాపరులకును “ఇక చాలు” అను మాట ఒకటి కలదు. ఆ మాటతో కుక్క మందను విడిచి వచ్చి కాళ్లకడ పడుకొనును.

ఇంత తెలిసిన తరువాత మూడవసారి మేము ప్రకటన వ్రాసితిమి. ఈసారి గుణములకు ముందు దోషములు వ్రాసితిమి. పరుగెత్తు పిల్లల మడమలు పట్టును. ఒకసారి నెత్తురు వచ్చినది. స్కూటర్లను తరుమును. ఒంటరిగా ఎనిమిది గంటలుంచిన తలుపు గీకును. పిల్లులున్న ఇంటికి తగదు. చివరకు, తెలివైనది, ప్రేమగలది అని రెండు మాటలు. మా మిత్రులలో ఒకరు “ఇట్లు వ్రాసినచో ఎవరు వత్తురు?” అనిరి. పదునొకండుగురు అడిగిరి. ఫోనులో నిజము మరల చెప్పగా తొమ్మండుగురు మెల్లగా తప్పుకొనిరి. వారు తప్పుకొనుటవలన మాకు మేలే కలిగెను. లేనిచో వారు ఆమెను పదవదినమున తిరిగి తెచ్చియుండెడివారు.

మిగిలిన ఇద్దరిలో ఒకరు నిత్యము పదిమైళ్లు పరుగెత్తు యువకుడు. మొదట మా మనస్సు అతని వైపే మొగ్గెను. కాని పగలు పది గంటలు అతని గది తాళము వేసియుండును. కుక్కకు గంటసేపు పరుగు ఎవరైనను ఇవ్వగలరు. మిగిలిన గంటలు ఎవరు ఇత్తురు? అతడు మా ప్రశ్న విని, కొంచెము ఆలోచించి, తానే వద్దనుకొనెను.

రెండవవారు హనుమకొండలోని దంపతులు. రెండు గదుల చిన్న యిల్లు. ముందు చారెడు వాకిలి. భర్త వేకువజామున కాలనీలలో కాలినడకను పత్రికలు వేయును. భార్య ఇంటిలోనే కుట్టుపని చేయును. పిల్లలు పెద్దవారై వేరు ఊళ్ల ఉన్నారు. ఇల్లు చూచినప్పుడు, మేడ ఆవరణను తలచుకొని, మాకు మనస్సులో కొంత వెనుకాడుట కలిగినది. కాని ఆమె మమ్ము అడిగిన మొదటి ప్రశ్న దాని ఖరీదును గూర్చి కాదు, జాతిని గూర్చి కాదు. “పొద్దంత నా దగ్గర్నే ఉంటది గదా, దానికి ఏం పని చెప్పాలె?” అని అడిగెను. అంతవరకు ఆ ప్రశ్న ఎవరును అడుగలేదు.

అయినను తొందరపడలేదు. రెండుమార్లు చుక్కను వారి యింటికి తీసికొనిపోయి, మేము ప్రక్కనుండి చూచితిమి. తరువాత పదునైదు దినములు గడువు పెట్టి, ఈ లోపల కాని తరువాత కాని వద్దనిపించినచో సిగ్గుపడక చెప్పుడు, మేమే వచ్చి తీసికొనిపోదుము అని మాట యిచ్చితిమి. మాట చాలదని కాగితముమీదను వ్రాసితిమి. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స ముందే చేయించితిమి. టీకాల చీటీ చేతికిచ్చితిమి. వేరొక చీటీమీద ఒక మందు పేరు పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుమని చెప్పితిమి. ఆ మందు ఐవర్‌మెక్టిన్. గజ్జికిని పురుగులకును మన దేశమున పశువులకును కుక్కలకును విరివిగా వాడు మందు. కాలీ మొదలైన గొఱ్ఱెకుక్కల జాతులలో కొన్నింటికి పుట్టుకతోనే జన్యువులో ఒక లోపముండును. అట్టివానికి ఈ మందు పెద్ద మోతాదున వేసినచో అది మెదడునకు ఎక్కి ప్రాణము తీయవచ్చును. 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ లోపమును కనుగొనిరి. బోర్డర్ కాలీలలో ఇది అరుదు, గుబురుజుట్టు కాలీలలో మిక్కుటము. పరీక్ష చేయింపనంతవరకు, పొరుగువారు చెప్పిరని సూది వేయింపక, జాతి పేరు ముందుగా పశువైద్యునకు చెప్పుట క్షేమము.

ఎండను గూర్చియు చెప్పితిమి. చలికొండల కుక్క ఓరుగల్లు వేసవికి నిలువవలెను. మన చేతి వెనుకభాగమును రోడ్డుమీద ఆనించి, ఆరేడు క్షణములు ఓర్వలేనిచో దాని పాదములును ఓర్వలేవు. చల్లగా నుండునని గొఱిగించుట మాత్రము కూడదు. రెండుపొరల ఆ బొచ్చు ఎండనుండి చర్మమును కాచును. లోపలి పొరను దువ్వి తీసివేసిన చాలును. పత్రికలు వేయు వేళ నాలుగున్నర గంటలు కనుక నడక విషయములో మా దిగులు తీరెను. వీధికుక్కల దిగులును అట్లే తీరెను. ఏండ్ల తరబడి అదే దారిని పోవుచున్న ఆ మనిషిని ఆ వీధులలోని కుక్కలన్నియు ఎరుగును.

చట్టము మాటయు ఒకటి చెప్పవలెను. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుపట్టిన ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. పెంచిన జంతువును తగిన కారణము లేక విడిచిపెట్టుటయు, ఎల్లప్పుడు కట్టివేసి కుక్కకు వ్యాయామము లేకుండ చేయుటయు ఆ చట్టము ప్రకారము నేరములే. మొదటి నేరమునకు పది మొదలు ఏబది రూపాయల వరకు జరిమానా విధించినది. చుక్క మెడలోని గొలుసు వెల అంతకంటె ఎక్కువ.

క్రొత్త యింట మొదటి మూడు దినములు చుక్క అన్నము ముట్టలేదు. అది సహజము, ఆ సమయమున బుజ్జగింపులు, బంధువుల రాకపోకలు తగ్గించి దానిని దాని మానాన విడువవలెను. నాలుగవ దినమున వేరొక చిక్కు వచ్చెను. కుట్టుమిషను చక్రము తిరుగుచుండగా చుక్క దాని యెదుట పొంచి, కన్నార్పక, ప్రొద్దుగూకువరకు అట్లే పడియుండెనట. మాకు ఫోను వచ్చినప్పుడు ఇదియు పోయినదనుకొంటిమి. కాని ఆమెయే ఉపాయము కనిపెట్టెను. చక్రము వైపు పాత చీర ముక్కను అడ్డముగా కట్టి, చుక్క చాపను తన రెండవ ప్రక్కకు మార్చెను. తరువాత ఒక్కొక్క పేరే నేర్పసాగెను. టేపు, సంచి, చెప్పు, గంప. క్రిందపడిన గుడ్డపీలికలను ఏరి గంపలో వేయుట నేర్పుటకు నెలదినములు పట్టెను. కత్తెర పేరు మాత్రము నేర్పలేదు. రవికెలు కుట్టించుకొన వచ్చినవారి పిల్లలు వాకిట పరుగెత్తినప్పుడు దానిని లోపలి గదిలో ఉంచి తలుపు వేయును. ఈ నియమమును ఆమె ఒక్కనాడును తప్పలేదు.

2023 జనవరిలో, సంక్రాంతి బట్టలు కుట్టు రద్దీ తగ్గిన తరువాత, మేము నలుగురమును వారి యింటికి వెళ్లితిమి. మధ్యాహ్నము రెండు గంటలు. మిషను నడచుచునే యున్నది. చుక్క ఆమె కాళ్ల ప్రక్క చాపమీద వెల్లకిలా పడి నిద్రపోవుచుండెను. మా అడుగుల చప్పుడునకు ఒక కన్ను తెఱచి, తోకను రెండుమార్లు నేలకు కొట్టి, మరల మూసికొనెను. మాలో ఒకరు దానిని పేరు పెట్టి పిలువబోగా ఆమె పెడలు ఆపి చేయెత్తి వారించెను: “లేపకుండ్రి సారూ, పొద్దుగాల్నుంచి పని జేసింది.”